అంచులు కోయని పుస్తకం

వేములవాడ, 1957, మంగళవారం రాత్రి

రెండేళ్ళుగా మగ్గాల కొట్టంలో కరపత్రాలు చదివి వినిపించేది నేనే. ఇవాళ, నాలుగేళ్ళ కిందట చనిపోయిన రష్యా నాయకుడి గొప్పతనం చదవడం మొదలుపెట్టగానే మల్లయ్య మామ అడ్డుపడ్డాడు. "నువ్వు జర ఆగు పిలగా. రాజేశాన్ని చెప్పనియ్యి. పెద్ద పుస్తకమే తెచ్చిండట."

రాజేశం మా పెద్దబాపు కొడుకు. కరీంనగర్‌లో చదువుకొచ్చాడు. ఆ నాయకుడు సొంత సహచరులనే చంపించాడని వాడు తెచ్చిన పుస్తకంలో కొత్త చరిత్ర రాశారట. నా మాటకు ఎన్నడూ మగ్గం ఆపని మామ, వాడి మాటకు ఆపాడు! అది చూసి నా ఒళ్ళు మండిపోయింది.

"అంతా అబద్ధం!" అని అరిచాను.

"సదివి మాట్లాడు తమ్మీ," అని రాజేశం నవ్వుతూ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి చూస్తే, ఇరవయ్యో పేజీ తర్వాత అన్నీ కోయని మడతలే; కోస్తే తప్ప లోపలి పేజీలు తెరుచుకోవు. ప్రెస్సు వాళ్ళు అంచులు కోయలేదు, వాడూ కోయలేదు. అంటే చదవనే లేదు! రేపు అందరి ముందూ ఆ మడతలు చూపించి వాడి పరువు తీద్దామనుకున్నాను. కానీ లోపల ఏముందో చూడకుండా ఉండలేకపోయాను. బాపు నూలు కోసే కత్తి తీసుకుని, ఒక్కో మడతా కోసుకుంటూ చివరిదాకా చదివేశాను.

వాడు చదవలేదన్న రుజువును నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. అంతేనా, నేను గోడకు అంటించుకున్న బొమ్మలో నాయకుడి పక్కన నవ్వుతూ నిలబడ్డ మనిషి లేడూ, ఆయన్ని కూడా ఆ నాయకుడే చంపించాడట. బొమ్మ వైపు చూడలేకపోతున్నాను.

ఈ పుస్తకం మొత్తం చదివింది మా కొట్టంలో నేనొక్కణ్ణే. రేపు మామ నా కోసం మగ్గం ఆపుతాడు. కానీ ఆపాలంటే, రాజేశం చెప్పింది నిజమేనని నా నోటితో నేనే చెప్పాలి...