అడుగు మందు

కొత్తవాడ, వరంగల్
జూన్ నెల

ప్రియమైన అక్కా,

ఫోన్‌లో అమ్మ పక్కనే ఉండేసరికి అంతా మంచిగనే ఉందన్నాను. నిజం కాగితం మీద రాస్తున్నాను. నవ్యకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. కొత్త మందు సీసా మొదలుపెట్టి వారం కాలేదు. అన్నం తింటూ తింటూ గోడ వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయింది. ముందు ఎడమ చెయ్యి కొట్టుకుంది, తర్వాత ఒళ్లంతా. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. అమ్మ తాళాల గుత్తి తెచ్చి పిడికిట్లో పెట్టబోతే లాగేశాను.

దవాఖానలో డాక్టరమ్మ మందు సరిగ్గా పోస్తున్నారా అని అడిగింది. ఆ మాట అమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వచ్చేదాకా ఆటో అతనికి తన గోడు చెప్పుకుంటూనే ఉంది.

ఫెనిటాయిన్. హైడాంటాయిన్ల కుటుంబం మందు. డిగ్రీ కెమిస్ట్రీ పరీక్షలో ఆ అయిదు మూలల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను. అది మన పాప గొంతు దిగే మందవుతుందని ఎవరనుకున్నారు.

నువ్వేమో అడవిలో హాస్టల్ పిల్లలను చూసుకుంటూ, బావేమో కాజీపేట నుంచి రైళ్ల వెంట తిరుగుతూ. మీ బిడ్డ మా చేతుల్లో ఉంది. అదే నా భయం.

నీ సుకన్య


ఏటూరునాగారం దగ్గర నుంచి

చిన్నీ,

నీ ఉత్తరం చదివి పిల్లల హాజరు కూడా సరిగ్గా పిలవలేకపోయాను. పోయినసారి వచ్చినప్పుడే నవ్య చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి రావడం చూశాను. రోగం తగ్గకపోగా ఇదొకటా? మా వంటమనిషి సమ్మమ్మ కొడుక్కీ ఇదే జబ్బట. ఇక్కడొక పెద్దాయన వేరు కడితే పోయిందంటోంది. నా మనసు అటు లాగుతోంది. పాపను కనిపెట్టుకో.

అక్క వినోద


కొత్తవాడ
జులై

అక్కా,

ఫిట్స్ ఆగాయి. సంతోషించకు. నవ్య నడక చెడింది. తిన్నగా వస్తున్నదల్లా గోడకు కొట్టుకుంటుంది. పక్కకు చూడమంటే కనుగుడ్లు వణుకుతున్నాయి. పక్కింటి సదానందం మామ మగ్గం మీదినుంచే "ఏందే నవ్యా, పొద్దుగాలనే కల్లు తాగినవా" అన్నాడు. అది నవ్వింది.

రక్తపరీక్షలో మందు మోతాదు మించి ఉందట. రెండుసార్లు పోశారా అని ఈసారి అడిగింది డాక్టరమ్మ. అప్పుడేమో పొయ్యలేదని అనుమానం, ఇప్పుడేమో ఎక్కువ పోశామని. అదే చెంచా, అదే అమ్మ చెయ్యి. రెండు రోజులు ఆపి మళ్లీ పొయ్యమంది. చిగుళ్ల వాపు ఈ మందు గుణమే, పళ్లు బాగా తోమించమంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్పింది: మీ అంతట మీరు ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

నీ సుకన్య


సుకన్యకు,

ఇంక చాలు. నా బిడ్డను తాగుబోతులా నడిపించే మందు నాకొద్దు. ఆదివారం వస్తున్నాను, నవ్యను తీసుకుపోతాను. వేరు తీసి పెట్టించాను. అమ్మకు ముందే చెప్పకు.

వినోద


అక్కా,

నీ ఫోన్ కలవట్లేదు. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, ఆదివారంలోపు అందాలి.

నిన్న అమ్మ మందు పోస్తుంటే మొదటిసారి దగ్గర కూర్చుని చూశాను. దేవుడి గూట్లోంచి సీసాను, నిండు దీపాన్ని దించినట్టు దించింది. కుదుపు లేకుండా వంచింది. ఎందుకమ్మా అంత మెల్లగా అంటే, "అడుగు కదిలితె ఖరాబైతది బిడ్డా. తేటనే పొయ్యాలె" అంది.

అక్కా, నలభై ఏళ్లుగా జంపఖానాల నూలుకు రంగులద్దిన చెయ్యి అది. రంగు కుండలో అడుగు కదిపితే నూలంతా మచ్చలు. బిడ్డకూ ఆ జాగ్రత్తే పెట్టింది. కానీ ఈ మందు అడుక్కు దిగుతుంది. కొత్త సీసా పైన వట్టి నీళ్లు, అందుకే ఫిట్స్. ఆఖర్న గడ్డ మందు, అందుకే తూలుడు. కదిపి వాడమని సీసా మీద సన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంది. అమ్మకు రాదు. నాకొచ్చు, నేనేమో ఎన్నడూ తిప్పి చూడలేదు.

డాక్టరమ్మకు చెప్పాను. కొత్త సీసా ప్రతిసారీ బాగా ఊపి పొయ్యమంది, మళ్లీ రక్తం చూస్తుందట. నువ్వు రా, రావద్దనను. మందు మాత్రం ఆపకు. నీ కాళ్లు పట్టుకుంటాను.

సుకన్య


ప్రియమైన చిన్నీ,

క్షేమంగా చేరాను. నవ్యను వదిలి వచ్చినందుకు బస్సులో ఏడ్చాను, తెచ్చుకోనందుకు ఊపిరి పీల్చుకున్నాను. అమ్మ రెండు చేతులా సీసాను ఊపుతుంటే ఆ చప్పుడుకు నవ్య ఎగరడం కళ్లలోంచి పోవట్లేదు. "సీసా ఊగితె పోరి ఊగదట" అంది అమ్మ, నా మొహం చూడకుండా. ఆ వేరు నా సంచిలోనే ఉంది అప్పుడు.

ఇక్కడికొచ్చి సమ్మమ్మను గుచ్చి గుచ్చి అడిగాను. నన్నే వింతగా చూసింది. "వేరు కట్టినం గని దవాఖాన గోలీలు యాడ ఆపినం మేడం? ఇప్పటికీ వేస్తనే ఉన్న" అంది. నేను ఆ సగం మాట మీద నా బిడ్డను తెచ్చుకోబోయాను.

ఫికర్ మాత్రం పోలేదు. ఈ సీసా అడుగంటేనాటికి నవ్య ఎట్లా నడుస్తుందో రాయి.

నీ అక్క


కొత్తవాడ
ఆగస్టు

ప్రియమైన అక్కా,

ఇవాళ ఆఖరి చెంచా పోశాం. ఈ సీసాలో ఒక్క ఫిట్ రాలేదు. రక్తంలో మందు ఉండాల్సినంతే ఉంది. చిగుళ్లు ఇంకా వాచే ఉన్నాయి, తోముతున్నాం.

ఈ ఉత్తరం వాకిట్లో కూర్చుని రాస్తున్నాను. సదానందం మామ మగ్గం ఆపి, ఇయ్యాల కల్లు దొర్కలేదా అని నవ్యను అడుగుతున్నాడు. అది ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ల ఆడుతోంది. గీత తొక్కుతానేమోనని జవాబు కూడా ఇవ్వట్లేదు.

నీ సుకన్య