అమ్మ నడక

షిగెనొ అక్కకు,

మూతబడ్డ మన బడిలో టోక్యో నాట్యబృందం ఒకటి దిగింది. అందరూ బ్యాలే నేర్చినవాళ్లే. నెల నుంచి కూలి అడగకుండా అమ్మతో వరినాట్లు వేస్తున్నారు. పొలం మీద కన్నేశారేమోనని అనుమానించాను.

"నా గూని నేర్చుకుంటారంటరా, పిచ్చిమొహాలు. వాళ్లకి నిటారుగా నిలబడటమే వచ్చంట," అంది అమ్మ.

అమ్మను వేదిక మీద నవ్వులపాలు చేస్తారేమోనని నిన్న వాళ్ల సాధన చూడ్డానికి వెళ్లాను. కాలివేళ్ల మీద గిర్రున తిరిగేవాళ్లు, నడుం వంచి బురదలోలా పాదాలు ఈడ్చారు. వరుస చివర అందరూ ఆగి ఎడమవైపు చూశారు.

నాన్న బతికుండగా అమ్మకు ఎడమపక్క వరుసలో నాటేవాడు. వరుస చివర అమ్మ ఇప్పటికీ అటు చూస్తుందని నేను ఈ ఉదయమే గమనించాను. నాన్న సంగతి వాళ్లతో ఎన్నడూ అనలేదంటోంది. నువ్వేమైనా వాళ్లకు రాశావా?

నీ తమ్ముడు