చిన్న బండే చాలు

ఏవండీ,

అన్నం, చింతకాయ పచ్చడి టేబుల్ మీద పెట్టాను. తిన్నాకే తాడేపల్లిగూడెం బయల్దేరండి. అయితే అక్కడ బండ్లు కట్టే షెడ్డులో, కారు వెనక తగిలించుకునే ఆ ఇంటి బండ్లలో పెద్దదానికి అడ్వాన్సు ఇచ్చేయకండి. చిన్నదే చెప్పండి.

మీకు చెప్పకుండా నిన్న మా నిర్మలక్కను తోడు తీసుకెళ్ళి రెండూ చూసొచ్చాను. కోప్పడకండి. పెద్దదాంట్లో ఏసీ, బాత్రూమూ అన్నీ ఉన్నాయి, నిజమే. నా మోకాళ్ళ నొప్పులు చూసే మీరది ఎంచుకున్నారనీ తెలుసు. కానీ దాన్ని లాగాలంటే మన కారు చాలదట. చిన్నదైతే ఈ కారే లాగేస్తుందని షెడ్డాయన చెప్పారు.

చెప్పులు విప్పి రెండిట్లోనూ పడుకుని చూశాను. అక్క ఒకటే నవ్వు. పెద్దదాంట్లో అటొక మంచం, ఇటొక మంచం. చిన్నదాంట్లో ఇద్దరికీ కలిపి ఒకటే పరుపు. మీరు కొల్లేరు చేపల లోడుతో కలకత్తా దారిలో, నేను గుండుగొలనులో, ఇన్నేళ్ళూ విడివిడిగా పడుకున్నది చాలదా అండీ? లారీ మానేశారు కదా. ఇక మీరు తిరిగిన ఆ ఊళ్ళన్నీ మీ పక్కన కూర్చునే చూస్తాను.

డ్యూటీకి బస్సు టైమైపోయింది. వెళ్ళొస్తాను.

హెప్సిబా

ఇంకో మాటండీ. చిన్నదాంట్లో పొయ్యి వెనకవైపు, బయటికి ఉంది. నిలబడే వండాలి. లారీ పక్కన మీరు వండుకునే పులుసు గురించి ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నారు కదా, నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను.