ఆరు వందల అడుగుల లోపల

ఫిబ్రవరి 13, 2018. మంగళవారం.

సిటీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు చేత్తో రాసి ఉంది. వెర్నా స్టాకర్డ్. రెండుసార్లు చదువుకుని అప్పుడు చింపాను.

ఊళ్లో గంజాయి షాపులకి అనుమతి ఇవ్వాలని కౌన్సిల్ అనుకుంటోందట. రాష్ట్రం ఒప్పుకుంది కాబట్టి ఇక ఎక్కడ అమ్మాలి, ఎక్కడ పెంచాలి అన్నది ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకోవాలి. మా ఊళ్లో రెండే షాపులట. స్కూలుకీ, పార్కుకీ, లైసెన్సున్న డేకేర్‌కీ ఆరు వందల అడుగుల లోపల షాపు పెట్టకూడదు. లైసెన్సున్న డేకేర్ల లిస్టులో నా ఇల్లు ఉంది. కొలతలు తీయడానికి గురువారం మనిషి వస్తాడట.

నా దగ్గరికి పిల్లలు రావడం మానేసి నాలుగేళ్లయింది. ప్రైమరీ స్కూల్లో నాలుగేళ్ల పిల్లల క్లాసు పెట్టాక సగం మంది అటు వెళ్లారు. మా ఆయన హోలిస్ మంచాన పడ్డాక మిగిలిన వాళ్లని నేనే పంపేశాను. హోలిస్ పోయాడు. లైసెన్సు మాత్రం ఉంచుకున్నాను. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టర్ వస్తుంది. అల్మరాలు తెరిచి చూస్తుంది. కుళాయి కింద చెయ్యి పెట్టి వేడి చూస్తుంది. వెళ్లేటప్పుడు ఎలా ఉన్నారని అడుగుతుంది. దానికోసమే ఉంచుకున్నానని ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు?

ఫిబ్రవరి 15, గురువారం. మధ్యాహ్నం 2.

మనిషి వచ్చాడు. ప్లానింగ్ ఆఫీసులో పని చేస్తాడు, పేరు ఒకుబో. పొడుగాటి కర్రకి బిగించిన చక్రం ఒకటి తోసుకుంటూ, మూలనున్న పాత ఫర్నిచర్ షాపు తలుపు దగ్గర నుంచి నా గేటు దాకా నడిచాడు. నాలుగు వందల పది అడుగులు. ఆ షాపు ఎవరో అద్దెకి తీసుకుని, గంజాయి షాపుకి అప్లికేషన్ పెట్టబోతున్నారట.

కాఫీ ఇచ్చాను. వద్దంటూనే తాగాడు. ముందు గదిలో చిన్న కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. మా అమ్మాయి కూడా ఇలాంటి కుర్చీ కోసమే కొట్లాడేదండీ అని నవ్వాడు. తర్వాత కాగితం తీసి, ఇప్పుడు ఎంతమంది వస్తున్నారని అడిగాడు.

ఇద్దరు, పొద్దుటి పూట వస్తారు అన్నాను.

రాసుకున్నాడు. రెండో కప్పు కూడా తాగాడు.

ఫిబ్రవరి 16.

ఇద్దరని ఎందుకన్నాను?

ఫిబ్రవరి 21, బుధవారం.

నడీన్ ప్రూయిట్ వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, చర్చిలో మా వెనక వరస. హోలిస్ అంత్యక్రియల నాడు నా చేతులు పట్టుకుని, ఏం కావాలన్నా ఒక్క ఫోన్ కొట్టు వెర్నా అంది. ఆ తర్వాత మా గుమ్మం తొక్కింది ఇవాళే. నిమ్మకాయ కేకు తెచ్చింది.

కూర్చోకుండానే మొదలుపెట్టింది. ఈ ఊరికి పట్టిన శని ఆ షాపు అంది. రెండో షాపు హైవే అవతల పెట్టుకుంటారట, అది ఎటూ మన కంటికి కనపడదు, కానీ ఈ మూల మీది షాపుని ఆపగలిగేది నువ్వొక్కదానివే అంది. నీ ఇల్లు లేకపోతే ఇక్కడ అడ్డే లేదు అంది. నేనెప్పుడూ దేనికీ అడ్డమని అనిపించుకోలేదు. ఇదేదో పదవిలా వినిపించింది.

పిల్లలేరీ అని అడిగింది. మధ్యాహ్నానికే వెళ్లిపోతారన్నాను. బంగారు తల్లివి, ఎంత ఓపికే నీకు అని బుగ్గ నొక్కింది. వచ్చే బుధవారం మళ్లీ వస్తానంది.

కేకు బాగుంది. మూడు ముక్కలు తిన్నాను.

ఫిబ్రవరి 27, మంగళవారం. సాయంత్రం.

ఎఫ్రేన్ వచ్చాడు!

మూడేళ్లవాడిగా నా దగ్గరికి వచ్చాడు. వాళ్లమ్మ పీచ్ పండ్ల షెడ్డులో ప్యాకింగ్ చేసేది. నేను పాదం పట్టుకుంటే తప్ప నిద్రపోయేవాడు కాదు. ఎడమ పాదం. ఇప్పుడు ముప్ఫై ఒకటి, గడ్డం, గుమ్మంలో తల వంచాడు. మిస్ వెర్నా, గుర్తున్నానా అన్నాడు. వీడికి బుద్ధి ఉందా, ఎవర్ని ఏం అడుగుతున్నాడు!

షాపు అద్దెకి తీసుకున్నది వీడేనట.

దాపరికం లేకుండా అంతా చెప్పాడు. ప్యాకింగ్ హౌసులో సూపర్‌వైజరు పని మానేశాడట. వాళ్లన్న చూయ్, ఓ సంచీ గంజాయి దొరికిందని రెండేళ్లు జైల్లో ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్లమ్మ ఆ రెండేళ్లూ చర్చిలో మాతో కాకుండా వెనక నిలబడేది. ఇప్పుడదే సరుకు అద్దాల షాపులో పెట్టి అమ్ముతారు, అమ్మేది మాత్రం లాస్ ఏంజెలిస్ నుంచి వచ్చిన సూట్లవాళ్లు అన్నాడు. హైవే అవతలి చోటు వాళ్లు ముందే పట్టేశారట. రూలుకి సరిపడే చోటు ఊళ్లో ఇంకొక్కటే ఉంది. అది కూడా నా ఇంటికి ఇంత దగ్గర లేకపోతేనే.

లైసెన్సు వదిలేయమని అడగడానికి రాలేదు మిస్ వెర్నా, అడిగేంత మొహం నాకు లేదు, పిల్లలు నిజంగా వస్తున్నారో లేదో తెలుసుకుందామని వచ్చాను అన్నాడు.

వస్తున్నారన్నాను.

తల ఊపాడు. ఎంతమంది అని కూడా అడగలేదు. వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు విని, శనివారం వచ్చి బాగుచేస్తానన్నాడు.

మార్చి 10, శనివారం.

కుళాయి అయింది. పెరటి గేటు మిగిలింది, వచ్చే శనివారం చేస్తాడు. వాళ్లమ్మ మొక్కజొన్న పిండితో చేసిన తమాలేలు పంపింది. నాలుగు వేడిచేశాను, ఇద్దరం తిన్నాం.

బుధవారాలు నడీన్. శనివారాలు ఎఫ్రేన్. ఒకరి సంగతి ఒకరికి చెప్పను. వాళ్ల మధ్యలో నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. నిజం చెబితే నడీన్ రాదు. షాపు పోతే ఎఫ్రేన్ రాడు. ఏప్రిల్ పదిన కౌన్సిల్ మీటింగు. అప్పటిదాకా ఏదీ తేలకుండా ఉంటే చాలు నాకు.

ఇంత చెడ్డదాన్నని ఇన్నాళ్లూ తెలియదు.

మార్చి 21, బుధవారం.

కౌన్సిల్ మెంబరు ఎవరైనా చూడటానికి రావచ్చు, పిల్లల వస్తువులు కొంచెం బయట కనపడనీ అంది నడీన్. ఆమెకి అనుమానమేమీ లేదు. నా ఇల్లు మరీ సర్ది ఉంటుందని అంతే.

గరాజ్‌లోని పెట్టె దింపాను. ఎవరెవరో వదిలేసి పోయిన బట్టలు. రెండు వాన కోట్లు తీసి గుమ్మం పక్క కొక్కేలకి తగిలించాను. ఒకటి పసుపు, ఒకటి నీలం. తగిలించి కాసేపు వాటి ముందు నిలబడ్డాను. నీలం కోటు చెయ్యి లోపలికి మడతపడి ఉంటే సరిచేశాను.

మార్చి 24, శనివారం.

ఎఫ్రేన్ కోట్ల వంక చూశాడు. పేర్లేంటి అన్నాడు.

చెప్పాను. పేర్లు కూడా చెప్పాను. వాటిని ఇక్కడ రాయను.

ఏప్రిల్ 11, బుధవారం. పొద్దున 6.

నిన్న జరిగింది వరసగా రాస్తాను.

నడీన్ తన కారులో తీసుకెళ్లింది. నేనేం మాట్లాడాలో కార్డు మీద రాసి ఇచ్చింది. హాలు నిండిపోయింది. మనిషికి మూడు నిమిషాలు. మైకు పక్కన చిన్న దీపం, ముందు ఆకుపచ్చ, తర్వాత పసుపు, తర్వాత ఎరుపు.

మొదట పెంపకం సంగతి తేల్చారు. వ్యాపారానికి పెంచేవాళ్లు రైలు పట్టాల అవతల గోడౌన్లలోనే పెంచాలి. ఇళ్లలో అయితే ఆరు మొక్కలు, అవీ లోపలే, వాసన కంచె దాటకూడదు. ఒక ముసలాయన లేచి, మా పక్కింటివాడి కుక్క వాసనకి ఎన్ని అడుగులు పెట్టారు అని అడిగితే హాలంతా నవ్వింది. మేయరమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

తర్వాత ఒకుబో తెర మీద ఊరి మ్యాపు వేశాడు. స్కూళ్ల చుట్టూ గుండ్రాలు. పార్కుల చుట్టూ గుండ్రాలు. కాటన్‌వుడ్ వీధిలో ఒంటరిగా ఒకటి. ఇక్కడ ఇద్దరు పిల్లలున్నారు అని చిన్న కర్రతో చూపించాడు. ఊరంతా నా ఇంటి వంక చూసింది.

ఎఫ్రేన్‌ని పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చేతిలో కాగితాల కట్ట. వాటిని చూడకుండానే మాట్లాడాడు. ఆ ఇల్లు నాకు తెలుసు, నేను పడుకుని లేచిన ఇల్లు అది అన్నాడు. కౌన్సిల్ ఆ దూరాన్ని తగ్గించగలదని మా లాయరు అన్నాడు, అది అడగడానికే వచ్చాను, కానీ అడగను అన్నాడు. "మిస్ వెర్నా పిల్లలున్నారని చెప్పారు. ఆవిడ పిల్లల ఎదురుగా నేను ఆ షాపు పెట్టను. నా అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నాను." ఆకుపచ్చ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. నడీన్ నా మోకాలు గట్టిగా నొక్కింది. గెలిచాం అన్నట్టు.

తర్వాతి పేరు నాది.

కార్డు తీశాను. అక్షరాలు కనపడుతూనే ఉన్నాయి. చదవలేదు. మా ఇంటికి పిల్లలెవరూ రారు అన్నాను. నాలుగేళ్లుగా రావడం లేదు, ఒకుబో గారికి అబద్ధం చెప్పాను, ఈ అబ్బాయికీ చెప్పాను, ఆ గుండ్రం తీసేయండి అన్నాను.

మేయరమ్మ మైకు దగ్గరికి వంగి, మెల్లగానే, మరి ఎందుకలా చెప్పారమ్మా అని అడిగింది.

"ఎవరో ఒకరు వస్తారని," అన్నాను.

ఇంకా చాలా టైముంది నాకు. అయినా వచ్చి కూర్చున్నాను. నడీన్ తన హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. విరామంలో బయటికి వెళ్లింది. మళ్లీ రాలేదు. కారు కూడా లేదు.

ఎఫ్రేన్ తన ట్రక్కు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎక్కాను. గేటు దగ్గర దిగి నా వైపు తలుపు తీశాడు. క్షమించమని అడగబోయాను. ముందు వాడే మాట్లాడాడు. "మీ దగ్గరికి మళ్లీ పిల్లలొస్తున్నారని మా అమ్మకి చెప్పాను, మిస్ వెర్నా. ఎంత సంతోషపడిందో." అంతే. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

లోపలికొచ్చి కోట్లు తీశాను.

ఏప్రిల్ 14, శనివారం.

ఎఫ్రేన్ రాలేదు. వస్తాడనుకున్నానని కాదు. స్నానం చేసి, కాఫీ ఎక్కువే పెట్టాను.

ఏప్రిల్ 25.

రూలు పాసయింది. కౌన్సిలే ఎఫ్రేన్‌ని పిలిచి అప్లికేషన్ మళ్లీ తీసుకుందట. లైసెన్సున్న డేకేర్ అన్న చోట ఒక మాట చేర్చారు. పిల్లలు వాస్తవంగా హాజరయ్యే డేకేర్. ఒకుబో ఆ కాగితం పోస్టులో పంపించాడు, ఆ మాట కింద పెన్సిలు గీత గీసి. వేరే ఏమీ రాయలేదు. ఊరి చట్టంలో నా కోసం రాసిన మాట అదొక్కటే.

మే 3.

లైసెన్సు రాష్ట్రానికి తిప్పి పంపేశాను. ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేసింది. ఇకనుంచి రానక్కర్లేదు కదా అంది. అక్కర్లేదన్నాను.

జూన్ 17, ఆదివారం.

చర్చిలో నడీన్ పలకరించింది. ఎండలు ఎక్కువగా ఉన్నాయంది. ఎక్కువగానే ఉన్నాయన్నాను.

ఆగస్టు 8.

నూట ఎనిమిది డిగ్రీల ఎండ. పక్కింటి గరాజ్ లోంచి ఆ వాసన వస్తోంది. కంచె దాటి, నా వంటింటి దాకా. సిటీకి ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తారు. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. మనిషి వస్తాడని చేయడం ఒకసారి చాలు.

సెప్టెంబరు 22, శనివారం.

షాపు తెరిచారు. వీధి మొత్తానికి కాగితాలు పంచారు. నాకూ వచ్చింది. పైన "ఈ ఇంట్లో ఉండేవారికి" అని అచ్చు.

కిటికీలోంచి చూశాను. జనం వరస మూల దాటి వచ్చింది. చూయ్ నిచ్చెనెక్కి బోర్డు తుడుస్తున్నాడు. వాళ్లమ్మ నారింజ రంగు డ్రెస్సు వేసుకుని గుమ్మంలో అందరికీ కనపడేలా నిలబడింది. ఎఫ్రేన్ ఒకసారి ఇటు చూశాడు. చెయ్యి ఎత్తాడో, కళ్లకి ఎండ అడ్డం పెట్టుకున్నాడో తెలియలేదు. నేను చెయ్యెత్తేసరికి లోపలికి వెళ్లిపోయాడు.

బాగుంది. వాడికి బాగుంది. అది నిజంగానే రాస్తున్నాను.

నవంబరు 8, గురువారం.

పొద్దున్నే రోడ్డు దాటి షాపుకి వెళ్లాను. ఎఫ్రేన్ లేడు. గుమ్మంలో ఎవరో లావుపాటి మనిషి, నాకు తెలియదు. వయసు చూడాలి, ఐడీ కార్డు చూపించమన్నాడు. నా తెల్లజుట్టు చూసి కూడా అడుగుతావా అంటే, నూరేళ్లున్నా అడగాల్సిందేనమ్మా, రూలు అన్నాడు.

కార్డు మీద పుట్టిన తేదీ చూశాడు. మొహం ఎత్తి నన్ను చూశాడు.

"ఇవాళేనా? హ్యాపీ బర్త్‌డే అమ్మా!"

థాంక్స్ చెప్పాను. లోపలికి వెళ్లకుండా ఇంటికొచ్చేశాను.