రెండు కిలోల టెంటు, ఒక ఇనుప మేకు

మహారాజశ్రీ బావగారి సముఖానికి, మీ ఏకైక బావమరిది సాష్టాంగపడి, ఆ భంగిమలోనే రాస్తున్న ఉత్తరం.

ముందుగా క్షమాపణ. నేను పుట్టినందుకు, పుట్టి ఊరుకోక డిగ్రీ పుచ్చుకున్నందుకు, ఆ డిగ్రీతో ఆదివారం మీ భోజనాల బల్ల దగ్గర కూర్చుని "కొండెక్కడానికి తేలికపాటి టెంటొకటి కొనుక్కుంటున్నాను" అన్నందుకు, ఆ మాటకి మీకు పొలమారితే మంచినీళ్ళు అందించకుండా నవ్వినందుకు, విడివిడిగానూ కలిపీ క్షమించండి. పెళ్ళిళ్ళకీ మీటింగులకీ షామియానాలు అద్దెకిచ్చే బావగారిని ఇంట్లో పెట్టుకుని బజార్లో టెంటు కొనడమంటే, మీరు కూర్చున్న కుర్చీని మిమ్మల్ని లేపకుండానే మడిచెయ్యడం. ఒప్పుకుంటున్నాను.

"వాడు ఫోనులో నవ్వుతాడు. ఇక ఏదైనా కాగితం మీదే" అని మీరు సెలవిచ్చారని అక్క చెప్పింది. అందుకే ఈ ఉత్తరం మీ టెంట్ హౌస్ వ్యాను డ్రైవరు చేతికిస్తున్నాను. కాగితం మీద నవ్వడం కుదరదని మీరెందుకు అనుకున్నారో తెలీదు.

ఇక నా అవస్థ. మా కొండల క్లబ్బుకి పెద్ద ఓ పళ్ళ డాక్టరమ్మ. ఎవరి ఇల్లు వాళ్ళే వీపున మోసుకుని శిఖరం దాకా ఎక్కాలని ఆవిడ రూలు. కిందటిసారి మీరు ప్రేమతో ఇచ్చిన కాన్వాసు గుడారం మోసి, సగం కొండ దగ్గరే కూలబడి, ఒక ముసలాయన సాయంతో దిగొచ్చాను. "ఈసారి కూడా మధ్యలో ఆగితే నీకు బస్సు దగ్గర చెప్పుల కాపలా" అంది డాక్టరమ్మ, పన్ను పీకేటప్పుడు పెట్టే మొహంతో. కాబట్టి ఎక్కి తీరాలి. దానికి రెండు కిలోలు దాటని టెంటు కావాలి. ఇద్దరికి సరిపోవాలి. ఏది మంచిదో పెద్దవారు మీరు సెలవియ్యండి.

ఇట్లు,
రోజూ మెట్లెక్కుతున్న మీ బావమరిది

తా.క. బరువు తగ్గించే పనిలో పళ్ళ బ్రష్షు పిడి సగానికి కోసేశాను. ఇప్పుడు పళ్ళు తోముకుంటుంటే వేలు కొరుక్కుంటున్నాను. డాక్టరమ్మకి చెప్పకండి.

*

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు. (కోపం తగ్గాక అమల్లోకి వస్తాయి.)

నీ కాగితం అందింది. దాంట్లో టెంటు గురించి ఉన్నది రెండే ముక్కలు, మిగతాదంతా నీ నోరే.

రెండు కిలోల టెంటు అనేది ఉండదు. రెండు కిలోల బట్ట ఉంటుంది, దాన్ని మేము వేదిక మీద ముక్కు తుడుచుకోవడానికి ఇస్తాం. మా దగ్గర అన్నిటికంటే తేలికది నలుగురు ఎత్తితే లేస్తుంది. దాన్ని మీ క్లబ్బులో నలుగురు తలో గుంజా పట్టుకుని ఎక్కితే ఏం పోతుంది? కలిసి పని చెయ్యడం మీ చదువుల్లో నేర్పలేదా?

సరే, పార్టీ ఎవరైనా పద్ధతి ఒకటే. ఈ కింది వాటికి జవాబు రాయి. వచ్చేవాళ్ళెందరు? కుర్చీలా, తివాచీలా? వేదిక ఏ వైపు? భోజనాలు లోపలా, బయటా? ఫ్యాన్లు కావాలా? కొండ మీదికి కరెంటు వైరు ఎంత పొడుగు పడుతుంది?

ఇట్లు,
టెంట్ హౌస్ ప్రొప్రయిటరు (నీ బావ)

తా.క. ఇద్దరికి అన్నావు. రెండో మనిషి ఎవరు?

ఇంకో తా.క. మీ అక్కకి ఏదో అయింది. మోకాళ్ళు నొప్పులంటూనే, కుర్చీ గుడ్డల మూట వీపున కట్టుకుని రోజూ మేడమెట్లు ఎక్కి దిగుతోంది. అడిగితే గోడౌను సర్దుతున్నానంటోంది. గోడౌను కిందే కదా ఉంది.

*

గోడౌనాధిపతులైన బావగారికి నమస్కారాలు, వాటి బరువు మీరు లెక్కపెట్టనవసరం లేదు.

మీ ప్రశ్నలకి జవాబులు: వచ్చేవాళ్ళు లేరు. కుర్చీ లేదు. వేదిక కొండే. ఫ్యానుగా దేవుడి గాలి.

నిన్న ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రాడు మొదట చూపించిన టెంటు మీద "రెండు కిలోలు" అని ఉంది. నేను తక్కువవాడినా, తూకం తెప్పించాను. మేకులూ తాళ్ళూ మోసే సంచీ కలిపితే మూడు దాటింది. "అవి లేకుండా రాస్తారండీ" అన్నాడు. "మరి అవి లేకుండా నిలబడుతుందా?" అన్నాను. "నిలబడదండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా.

రెండోది బాగా తేలిక, కానీ ఒకే పొర. మనం వదిలిన ఊపిరే తెల్లారేసరికి లోపల చినుకులై మన మొహం మీదే పడుతుందట. మూడోదానికి గుంజలే లేవు, నడిచే చేతికర్రల మీద నిలబెట్టుకోవాలట. నాలుగోది కుదిరింది. లోపల వలగుడ్డ, పైన వానకి పలచటి పొర, వేలి మందం గొట్టాలు. "ఇద్దరికి" అని రాసుంది. దుకాణం నేల మీదే వేయించుకుని లోపల పడుకుని చూశాను. ఇద్దరంటే, ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి చాలా అభిమానం ఉండాలి.

రెండో మనిషి గురించి ఇప్పుడే చెప్పలేను, ఒట్టు వేయించుకుంది. మంచి కుటుంబంలో మనిషి, పనిమంతురాలు. ఇంతకంటే అడక్కండి.

ఇట్లు,
కొంత తేలికపడిన మీ బావమరిది

తా.క. టెంటు ఎంచింది కూడా ఆవిడే. "నా బతుకులో చాలా బరువైన టెంట్లు చూశాను, ఇంక చాలు" అంది.

*

చిరంజీవి బావమరిదికి,

నాకంతా అర్థమైంది. నువ్వు దాచినా ఈ వృత్తిలో తల నెరిసినవాణ్ణి.

పని లేకుండా టెంటు వేసేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. టెంటు అడిగినవాడు ఇద్దరికి అన్నాడంటే, అందులో ఒకరి పేరు చెప్పనన్నాడంటే, ఊరికి దూరంగా కొండ మీద అన్నాడంటే, అది పెళ్ళి. అదీ ఎవరికీ చెప్పని పెళ్ళి. ఆ పిల్ల బరువైన టెంట్లు చాలా చూసిందట. అంటే పెద్ద పెద్ద పెళ్ళిళ్ళకి వెళ్ళిన పిల్ల, కలిగినవాళ్ళు. వాళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు, అంతేనా?

నీకెందుకురా భయం? నేను లేనూ? నువ్వు కొండెక్కి పెళ్ళి చేసుకో, సముద్రంలో దిగి చేసుకో, నాకనవసరం. కానీ నా పెళ్ళానికి తోడబుట్టినవాడు పరాయి గుడ్డ కింద పెళ్ళి చేసుకున్నాడని తెలిస్తే, రేపు నా దగ్గర టెంటు ఎవడు తీసుకుంటాడు? ఇంట్లోవాళ్ళకే నచ్చని టెంటు మాకెందుకనరూ?

మా పద్ధతి నీకు తెలుసు, తెలియకపోతే తెలుసుకో. ఆర్డరు ఒప్పుకున్నామంటే పార్టీ ఇంటికి ఒక ఇనుప మేకు పంపుతాం. వద్దనుకుంటే మేకు వెనక్కి పంపాలి. ఉంచుకుంటే బుకింగు ఖాయం, ఆ చోట ఇంక ఎవడి టెంటూ పడదు. మా నాన్న పెట్టిన పద్ధతి ఇది. డ్రైవరు చేతికి మేకు ఇచ్చి పంపుతున్నాను.

ఇట్లు,
నీ బావ

తా.క. పెళ్ళికూతురు ఎత్తెంత? వేదిక మీద కుర్చీల సైజు చూసుకోవాలి.

*

అపార్థాలకి అధిపతులైన బావగారికి,

పెళ్ళి లేదు. పిల్ల లేదు. కలిగినవాళ్ళు లేరు. ఈ మూడు ముక్కలూ ఫ్రేము కట్టించి గోడౌనులో తగిలించండి.

శనివారం పొద్దున కొండ కింద మైదానంలో క్లబ్బు బస్సు దిగుతాం, సాయంత్రానికి పైకి చేరతాం, టెంట్లు వేసుకుని పడుకుంటాం, ఆదివారం మధ్యాహ్నానికి దిగిపోతాం. అంతే. మనుషులు పడుకోవడానికి కూడా టెంటు వేసుకుంటారు బావగారూ. మొదట్లో టెంటు పుట్టింది అందుకేనని విన్నాను.

మేకు అందింది. మోచేతి పొడుగుంది. తూచాను. కంగారుగా ఇంకోసారి తూచాను. నా పరుపూ నా వాన కోటూ కలిపితే కూడా దాని ముందు తేలిపోతున్నాయి. నా కొత్త టెంటుతో వచ్చిన మేకులు దీని పక్కన పెడితే తలపిన్నుల్లా ఉన్నాయి. ప్రస్తుతం మా వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. తలుపు ఇంతకుముందెన్నడూ ఇంత బుద్ధిగా లేదు.

ఇట్లు,
అవివాహితుడైన మీ బావమరిది

తా.క. మొన్న వ్యాను డ్రైవరు నన్ను చూసి సిగ్గుపడుతూ "మంచి రోజులొస్తున్నాయండీ" అన్నాడు. వాడికేం చెప్పారు?

*

బావమరిదికి,

మేకు తిరిగి రాలేదు. ఆర్డరు ఖాయం. తేదీ, చోటు నువ్వే రాసిచ్చావు. మిగతాది మాకు వదిలెయ్.

నీ బావ

తా.క. మీ అక్క శుక్రవారమే మీ అమ్మ దగ్గరికి వస్తానంటోంది, ముందుగా సంచీ కూడా సర్దింది. తనకి తెలుసన్నమాట. నా దగ్గర ఎంత నటించిందిరా.

*

బావమరిది అనబడే మనిషికి,

కోపంతో రెండు కాగితాలు చింపేసి మూడోదాని మీద రాస్తున్నాను.

ఆదివారం తెల్లారకముందే రెండు లారీలతో ఆ మైదానానికి వచ్చాను. నంబర్ వన్ షామియానా వేయించాను. ఎర్రది. మంత్రిగారి మీటింగుకి తప్ప బయటికి తియ్యం దాన్ని. వేదిక, రెండు సింహాసనాలు, వరసలు వరసలుగా కుర్చీలు. మీ పెద్దమ్మలనీ బాబాయిలనీ, పిలిస్తే వచ్చేవాళ్ళనీ పిలవకపోయినా వచ్చేవాళ్ళనీ అందర్నీ కూర్చోబెట్టాను. అందరికీ ఒకటే చెప్పాను: పిల్లాడు సిగ్గరి, దిగిరాగానే చప్పట్లు కొట్టండి.

నువ్వు దిగావు. కొట్టారు. నీ వెనక రెండో మనిషి దిగింది. వీపున సంచీ, మోకాళ్ళ దాకా బురద, చెదిరిన జుట్టు. "పిల్ల కొంచెం వయసులో పెద్దదిలా ఉందే" అంది మీ పెద్దమ్మ. ఆ పిల్ల నా భార్య.

బావమరిదీ, ఒక మాట చెప్పనా. మీ అక్క ఆ మొహంతో నవ్వడం నేను మా పెళ్ళి ఫోటోలో కూడా చూడలేదు. నన్ను చూసి ఆగింది. ఏదో అంటుందనుకున్నాను. షామియానా కేసి చూసి, "రెండో వరస కుర్చీలు వంకరగా వేశారేమిటి?" అంది. అని తనే వెళ్ళి సరిచేసింది, సంచీ దించకుండా.

వచ్చినవాళ్ళు భోంచేసే వెళ్ళారు. ఏం ఫంక్షనని ఎవరో అడిగితే, "మా ఆవిడ కొండెక్కింది" అన్నాను. మళ్ళీ చప్పట్లు కొట్టారు.

నాకు రెండు సంగతులు కావాలి. తను నాకెందుకు చెప్పలేదు? అడిగితే వద్దంటానా? రెండోది, శనివారం సాయంత్రం లేచిన గాలికి మా గోడౌను రేకులే లేచాయి. కొండ మీద ఆ జేబురుమాలు ఎలా నిలబడింది?

ఇట్లు,
టెంట్ హౌస్ ప్రొప్రయిటరు (ప్రస్తుతానికి నీకు ఏమీ కాను)

తా.క. జవాబు తిన్నగా రాయి. తాజా కలాలు వద్దు.

*

ప్రస్తుతానికి నాకేమీ కాని బావగారికి,

మళ్ళీ క్షమాపణ. ఈసారి కొంచెం చిన్నది, బరువు తగ్గించాను.

దిగొస్తుంటే చెట్ల సందుల్లోంచి ఎర్రగా కనిపించింది. డాక్టరమ్మ అడవి అంటుకుందనుకుని అందర్నీ ఆపేసింది. అక్క మాత్రం ఆ ఎరుపు గుర్తుపట్టింది. "నంబర్ వన్ వేశారు" అంది, ఒక్కసారిగా రాయి మీద కూర్చుండిపోయి. "నా కోసం ఎప్పుడూ వెయ్యలేదురా ఆయన." మీరు వేసింది తన కోసం కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

మీ మొదటి ప్రశ్న. అక్క మిమ్మల్ని అడిగింది. నేను క్లబ్బులో చేరిన రోజునే అడిగిందట, కొండ మీద టెంటు వేసుకుని ఒక్కసారి పడుకోవాలనుందని. "మనకి టెంటు కొత్తా? గోడౌనులో బోలెడున్నాయి, వెళ్ళి పడుకో" అన్నారట మీరు. మీకు గుర్తుండదు, ఎవరికో కుర్చీలు లెక్కపెట్టిస్తున్నారు. ఇన్నేళ్ళుగా మీ టెంట్ల కింద తను కూర్చున్నది లేదు, కుర్చీలు వేసింది, తీసింది. మెట్లెక్కింది అందుకే. ఒట్టు వేయించుకున్నదీ అందుకే. నేను పిలవలేదు, తనే వచ్చింది. టెంటు ఎంచింది తనేనని ముందే రాశాను, దుకాణం కుర్రాణ్ణి తూకం తెమ్మన్నది కూడా తనే. అది నా తెలివిగా మీకు రాసుకున్నాను, అంతే. శిఖరం మీదికి నాకంటే ముందు చేరింది కూడా తనే. చివరి మెరక దగ్గర నేను ఆయాసపడి కూలబడబోతే, "చెప్పుల కాపలా" అని ఒక్క మాట అని ముందుకెళ్ళిపోయింది. ఎక్కేశాను.

వచ్చేసారికి ముగ్గురి టెంటు కొనాలంటోంది. మూడో మనిషి గురించి ఇప్పుడే చెప్పలేను. మంచి కుటుంబంలో మనిషి, కోపం ఎక్కువ.

ఇట్లు,
మీరు ఏమీ కాకపోయినా మీకు బావమరిదే అయినవాడు

తా.క. వద్దన్నారు కానీ రెండో ప్రశ్న మిగిలిపోయింది.

శనివారం సాయంత్రం టీనీళ్ళు మరగకముందే గాలి లేచింది. నా తలపిన్నులు ఒక్కొక్కటే మట్టిలోంచి ఊడొచ్చేశాయి. డాక్టరమ్మ టెంటు దొర్లుకుంటూ పోతుంటే క్లబ్బంతా దాని వెనక పరిగెత్తింది. అప్పుడు నా సంచీ అడుగున, తువ్వాలులో చుట్టి పెట్టినది బయటికి తీశాను. అక్క చూసింది. నా చేతిలోంచి లాక్కుని, గాలి వచ్చే వైపు రాయితో దిగ్గొట్టి, మీరు కట్టే ముడే వేసింది. మా టెంటు తెల్లారేదాకా కదిలితే ఒట్టు.

పళ్ళ బ్రష్షు కోసుకున్నవాణ్ణి, ఆ మేకుకి చోటు కోసం దుప్పటి ఇంట్లో వదిలి, చలికి వణుకుతూ పడుకున్నాను. తలుపుకి అడ్డం పెట్టినదాన్ని బయల్దేరే పొద్దున ఎందుకు సంచీలో వేసుకున్నానో అడక్కండి. పంపింది మీరు. అంతే.

పొద్దున టెంటు విప్పేటప్పుడు, మేకు ఊడి రావడం లేదని అక్కకి చెప్పాను. "ఎంత బలంగా దిగిందో" అని మురిసిపోయింది. బావగారూ, నేను నిజంగా చేసిన తప్పు ఈ ఒక్కటే. నేను దాన్ని లాగి చూడనే లేదు. అది ఇంకా అక్కడే ఉంది. మీ నాన్నగారి పద్ధతి ప్రకారం ఆ చోటు బుక్కయిపోయింది, మేకు కావాలంటే మీరే ఎక్కి తెచ్చుకోవాలి.