జేబులో బొటనవేలు

సుచరితా,

అన్నం మీద మూత పెట్టాను. నీ సంచిలో ఉన్న నా బొటనవేలి లక్క అచ్చు వెంటనే కరిగించెయ్యి.

ఈరోజు ఆఫీసులో కొత్త హాజరు మిషన్ మీద వేలు పెడితే, నేను పొద్దున్నే వచ్చేశానని చూపించింది. పక్క సీటు భిక్షపతి నవ్వుతూ, "ఫికర్ జేయకు అన్నా, నువ్వు లేటైతవని వదిననే ఇచ్చింది. నీ వేలు నా జేబులనే ఉన్నది" అన్నాడు. ఆ అచ్చులో జిగురు పోసి తీసిన నా వేలిముద్ర! లాక్కుని ఇంటికి వచ్చాను. ఇంకా ఎవరికైనా ఇచ్చావా?

నా మంచికే చేశావు, తెలుసు. కానీ ఆదివారం లాడ్ బజార్‌లో గాజులకని కరిగించిన లక్కలో నువ్వు నా వేలు నొక్కుతుంటే, సరసమనుకున్నాను.

మళ్లీ ఆఫీసుకే వెళ్తున్నాను. ఇకమీదట నా చెయ్యి పట్టుకునే ముందు ఎందుకో చెప్పు.

లక్ష్మీకాంత్

చెప్పకపోయినా చెయ్యి ఇస్తాను. పిడికిలి బిగించి ఇస్తాను.