పెన్సిలు పట్టిన పంగ కర్ర

అరకు, 1997 మార్చి 20

సోమన్న మావయ్యకు రత్న నమస్కారాలు.

ఈ రోజు పొద్దున్నే ఒక వింత జరిగింది. మా ఏడో తరగతి బుధు తన పేరు తానే రాశాడు! పుట్టుకతోనే వాడి వేళ్లలో బలం లేదు, పెన్సిలు జారిపోతుంది. గుప్పిటైతే బిగించగలడు. ఈసారి పరీక్ష రాయలేకపోతే బడి మాన్పించి మేకల వెంట పంపుతానని వాళ్ల నాన్న చెప్పేశాడు. అందుకని జామ పంగ కర్ర ఒకటి కోసి, పంగలో పెన్సిలు కట్టి, కాడ గుప్పిట్లో పట్టుకోమన్నాను. ఇలాంటిదాన్ని ‘ఉపకరణం’ అంటారని తెలుగు మాస్టారు చెప్పారు. ఎంత బాగుందో ఆ మాట! నా జడ రబ్బరుబాండ్లతో కట్టాను, కానీ వదులైపోతున్నాయి. నీ సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్కలుంటే పంపించు.

నీ మేనకోడలు,
రత్న

తా.క.: రెండు చాలు. పొడవాటివి, బాగా సాగేవి.

పార్వతీపురం, మార్చి 25

రత్న గుంటకి మావయ్య దీవెనలు.

ఏటి సేత్తన్నావే? పంగ కర్ర, సాగే రబ్బరు రెండు ముక్కలు! మీ బళ్లో దాన్ని ఉపకరణం అంటారేమో గానీ, మా షాపులో పిట్టల్ని కొట్టే ఉండేలంటారు. నా కాడికి రబ్బరుకొచ్చిన గుంటడల్లా సదువుకనే సెప్తాడు. మొన్న ఒకడు అలాగే సదివి బస్సు అద్దం పగలగొట్టినాడు. రబ్బరు లేదు.

మావయ్య సోమన్న

తా.క.: పెన్సిళ్లు పంపుతున్నాను. వీటికి కర్ర అక్కర్లేదు.

అరకు, మార్చి 30

మావయ్యకు కోపంతోనే నమస్కారాలు.

పిట్టల జోలికి మేం పోలేదు. తరగతిలో అందరూ నవ్వుతున్నారని సాయంత్రాలు కాఫీ తోటలో సాధన చేస్తున్నాం, అంతే. మొన్నటిదాకా బుధు అక్షరాలు గీత దాటిపోయేవి. ఇప్పుడు గీత మీదే నిలుస్తున్నాయి. పరీక్ష ఏప్రిల్ పదిన. కట్టు వదులైతే వాడు మేకల్లోకే.

రత్న

తా.క.: మా సాధన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. నువ్వూ చెప్పకు.

పార్వతీపురం, ఏప్రిల్ 4

రత్నకి,

ఎవరికీ తెలీకుండా తోటలో సాధనా! ఎవుడి నెత్తి పగిలినా మీ అమ్మకి నానేటని సెప్పుకోను? మీ హెడ్మాస్టరు గారికి బేగి ఒక కార్డు రాసి పడీసినాను.

సోమన్న

తా.క.: నీ మంచికే.

అరకు, ఏప్రిల్ 9

మావయ్యకు నమస్కారాలు.

నీ కార్డు ఈ రోజు చేరింది. మా హెడ్మాస్టరు ఫణీంద్ర సారు అందరి ముందూ బుధు కర్ర లాక్కున్నారు. “ఏదీ, దీనితో ఎలా కొడతార్రా?” అంటూ రబ్బరుబాండ్లు పట్టి లాగారు. ఠప్పున తెగిపోయాయి.

బుధు ఏడవలేదు. కర్ర అడిగి తీసుకున్నాడు. పెన్సిలు మళ్లీ పంగలో పెట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకుని, నీ కార్డు మీద ఖాళీగా ఉన్న చోట వంకరటింకరగా రాశాడు: “కొట్టను సార్. రాస్తాను.”

సారు అది చదివి, కార్డు మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆయన బయటికి వెళ్లి, తన సైకిలు ముందు చక్రం ఊడదీసి, ట్యూబును బ్లేడుతో కోసి తెచ్చారు. ఆయనే కట్టారు. పెన్సిలు ఇక కదలడం లేదు.

రత్న

తా.క.: సారు సైకిలుకి ముందు చక్రం ట్యూబు బేగి పంపు. ఈసారి ఎందుకని అడక్కు. రేపు పరీక్షకి ఆయన నడిచి రావాలి. పొద్దున్నే నేనూ బుధూ ఎదురెళ్లి ఆయన సంచీ మోసుకొస్తాం.